గోడ దాటిన నీడ

*పక్క స్థలంలో రాబోయే భవనం మన మేడ మీద ఎంతసేపు నీడ పరుస్తుంది? మన కిటికీలోంచి ఏది కనిపించకుండా పోతుంది? పునాది తవ్వకముందే ఇవన్నీ చూడొచ్చు. ఊరిని, వీధిని, ఇళ్లను కంప్యూటర్ మ్యాపులో నిలబెట్టి, వాటి మధ్య కొత్త డిజైనును ఉంచి చూపించే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. హైదరాబాద్‌లో, అమరావతిలో ఆ బొమ్మ ఎవరికి కనిపిస్తోంది?*

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. మణికొండ వైపు ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంటు మేడ మీద మా పిన్ని బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టింది. పాత పంచె తడిపి పరిచి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు ఉంచి, వరసలు తప్పకుండా పెట్టుకుంటూ వచ్చింది. పక్కనే నీళ్ల ట్యాంకు చాటున ఆమె మనవడు ఒళ్లో ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాడు. ఆర్కిటెక్చర్ రెండో ఏడు చదువుతున్నాడు.

వాడి తెర మీద ఉపగ్రహం తీసిన ఫొటో ఉంది. దానిమీద వీధిలోని ఇళ్లన్నీ తెల్లటి డబ్బాలై నిలబడ్డాయి. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున లెక్కేసి వాడే లేపాడు. నైరుతి దిక్కున, రెండు వందల మీటర్ల దూరంలో ఖాళీగా ఉన్న రాళ్ల గుట్ట మీద మాత్రం నాలుగు డబ్బాలు నారింజ రంగులో ఉన్నాయి. అక్కడ నలభై అంతస్తుల టవర్లు నాలుగు వస్తున్నాయని కరపత్రం పంచారు. ఆ కరపత్రంలోని కొలతలే వాడికి ఆధారం.

"అమ్మమ్మా, ఇదిగో మన మేడ" అని చూపించాడు.

"నా తులసి కుండీ ఏదిరా?"

"అంత వివరం పెట్టలేదు. నీడ చూడు."

తేదీని డిసెంబరు 21కి మార్చి, కింద ఉన్న గడియారం మీటను మెల్లగా జరిపాడు. ఒంటి గంట, రెండు. నారింజ డబ్బాల నీడలు నల్లగా సాగుతూ ఈశాన్యం వైపు పాకాయి. మూడుంపావు దగ్గర మొదటి టవరు నీడ మా మేడను అందుకుంది. అది పక్కకు జరిగేసరికి రెండోదాని నీడ వచ్చింది. పిన్ని చేతిలో పిండి గిన్నె అలాగే ఉంది. బాబాయి రిటైరయ్యాక 2004లో కొన్న ఫ్లాటది. పుష్యమాసపు సాయంత్రాలు ఆ పడమటి బాల్కనీలో ఎండ కాగడం ఇరవై ఏళ్లుగా ఆవిడకు అలవాటు.

"ఈ సంగతి ఆ కట్టేవాళ్లకు తెలుసా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్తే ఈ కథనం తయారైంది.

ప్లానులో పొరుగువారు లేరు

ఏ ఆస్తి దస్తావేజు తీసి చూసినా హద్దులు రాసి ఉంటాయి. తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన బాట, పడమర ఫలానావారి ఖాళీ స్థలం, ఉత్తరాన మరొకరి దొడ్డి. నలువైపులా మనుషుల పేర్లతోనే మన స్థలం ఎక్కడుందో చెప్పే పద్ధతి మనది. వాస్తు చూసేవారు సైతం వీధిపోటు ఉందా, ఎదుట ఏముంది అని ముందు చుట్టూ చూస్తారు.

భవనం అనుమతికి ఇచ్చే ప్లానులోకి వచ్చేసరికి ఈ పొరుగువారు మాయమవుతారు. స్థలం చుట్టూ గీత, గీత లోపల భవనం, గీత అవతల "ఇతరుల స్థలం" అనే రెండు మాటలు. ఆ ఇతరుల స్థలంలో బడి ఉందా, అయిదంతస్తుల మేడ ఉందా, చెరువుందా అన్నది ఆ కాగితం చూస్తే బోధపడదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన జీవో 86, స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితిని ఎత్తేసింది. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్), స్థలం సైజు సరిపోతే చాలు, పైకి వెళ్లొచ్చు. హైదరాబాద్ పడమటి వైపు ఆకాశం మారిపోవడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. తర్వాత అనుమతుల వేగమూ పెరిగింది. తెలంగాణలో 2020లో ఆన్‌లైన్ అనుమతుల విధానం టీఎస్-బీపాస్ వచ్చాక పెద్ద భవనాలకూ 21 రోజుల గడువు పెట్టారు. డ్రాయింగును ఇప్పుడు కంప్యూటరే చదువుతుంది. సెట్‌బ్యాక్ ఎంత, మెట్లు ఎంత వెడల్పు, పార్కింగు సరిపోతుందా అని కొలిచి తప్పొప్పులు చెబుతుంది. అగ్నిమాపక శాఖ ఒప్పుకోవాలి, విమానాల దారికి అడ్డం కాకూడదు. ఇవన్నీ ఉండాల్సినవే. లంచాలకు, ఆలస్యాలకు అవకాశం తగ్గించినవే.

కానీ ఈ కొలతల్లో ఎక్కువ భాగం గీత లోపలివి. భవనం మాత్రం ప్రహరీ దగ్గర ఆగదు. దాని నీడ, గాలి, అద్దాల మెరుపు, కార్ల రద్దీ, మురుగునీరు అన్నీ గోడ దాటుతాయి. వాటి బరువు మోసేది ప్లానులో పేరు లేని ఆ ఇతరులే.

■ బాక్స్: శీతాకాలపు నీడ లెక్క

హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు ఒరిగి, నేల నుంచి 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ వేళ 150 మీటర్ల టవరు నీడ ఉత్తరానికి 130 మీటర్ల దాకా పడుతుంది. అదే రోజు సాయంత్రం నాలుగుంపావుకు సూర్యుడు పద్దెనిమిదిన్నర డిగ్రీలకు దిగుతాడు. నీడ ఎత్తుకు మూడు రెట్లవుతుంది. అంటే 450 మీటర్లు, దాదాపు అర కిలోమీటరు. జూన్ 21న మధ్యాహ్నమైతే సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరాన ఉంటాడు, అదే టవరు నీడ పదహారు మీటర్లకు మించదు. కరపత్రంలోని బొమ్మలో నీడ పొట్టిగా ఉంటే అది ఏ నెలలో, ఏ గంటకు గీసిందో అడగాలి.

గొడుగులతో గీసిన బొమ్మ

కంప్యూటర్లు ఇంతగా లేని రోజుల్లో న్యూయార్కు వాసులు ఈ నీడను ఎలా చూపించారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1987 అక్టోబరు. సెంట్రల్ పార్కు నైరుతి మూలన కొలంబస్ సర్కిల్ దగ్గర రెండు భారీ టవర్లకు ఆర్కిటెక్టు మోషే సఫ్డీ డిజైను సిద్ధమైంది. వాటి నీడ పార్కు మీద చాలా దూరం పడుతుందని మున్సిపల్ ఆర్ట్ సొసైటీ అనే పౌర సంస్థ చెబుతూ వచ్చింది. అంకెలు చెబితే ఎవరికి పడతాయి? అందుకని ఓ ఆదివారం వందల మంది నల్ల గొడుగులతో పార్కుకు వచ్చారు. నీడ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పడుతుందో ఆ గీత వెంట వరసగా నిలబడి గొడుగులు విప్పారు. అమెరికా మాజీ ప్రథమ మహిళ జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్ కూడా వారిలో ఉన్నారు. లేని భవనపు నీడ పచ్చిక మీద నల్లగా పరుచుకుంది.

ఆ డిజైను తర్వాత పక్కకు పోయింది. దానికి ఆ నెలలోనే కుప్పకూలిన షేర్ మార్కెట్ కూడా ఓ కారణం. అయినా గొడుగుల బొమ్మ నగరం జ్ఞాపకంలో నిలిచిపోయింది. అదే సొసైటీ 2013లో, పార్కు దక్షిణాన లేస్తున్న సన్నటి ఆకాశహర్మ్యాల నీడలను కంప్యూటర్ నమూనాలో లెక్కగట్టి మళ్లీ జనం ముందు పెట్టింది. ఈసారి గొడుగులు అవసరం పడలేదు.

కాగితం మడత నుంచి గూగుల్ ఎర్త్ దాకా

రాబోయేదాన్ని ఉన్నదాని మధ్య పెట్టి చూపాలన్న కోరిక చాలా పాతది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులో హంఫ్రీ రెప్టన్ అనే ఉద్యానశిల్పి ఉండేవాడు. ఖాతాదారుడి ఎస్టేటుకు వెళ్లి, ఉన్నది ఉన్నట్టు నీటిరంగుల్లో వేసేవాడు. ఆ బొమ్మ మీద చిన్న కాగితపు మడత అతికించేవాడు. మడత ఎత్తితే చెరువు, చెట్లు, కొత్త దారి కనిపించేవి. ఎర్ర తోలు అట్టతో కట్టిన ఆ పుస్తకాలు 'రెడ్ బుక్స్' పేరుతో ప్రసిద్ధి. యజమాని వేలితో మడత ఎత్తి దించి, ఎత్తి దించి చూసుకునేవాడు. ఈనాటి ఆర్కిటెక్టు మౌస్‌తో చేసేది కూడా అదే.

మధ్యలో రెండు వందల ఏళ్లు ఎక్కువగా అట్ట నమూనాలు, చేతి చిత్రాలే దిక్కు. మార్పు 2000 తర్వాత వచ్చింది. అమెరికాలోని కొలరాడోలో ఓ చిన్న కంపెనీ 2000లోనే స్కెచప్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. చదరం గీసి పైకి లాగితే గది అవుతుంది. పిల్లలు కూడా గంటలో నేర్చుకోగలిగేంత సులువు. 2005లో గూగుల్ ఎర్త్ విడుదలైంది. స్కెచప్‌లో గీసిన భవనాన్ని నేరుగా గూగుల్ ఎర్త్ నేల మీద నిలబెట్టే అనుబంధ ప్రోగ్రామును ఆ చిన్న కంపెనీ రాసింది. 2006లో గూగుల్ ఆ కంపెనీనే కొనేసింది. 2012లో స్కెచప్ ట్రింబుల్ కంపెనీ చేతికి వెళ్లింది కానీ, అప్పటికే అలవాటు పాతుకుపోయింది. అప్పటిదాకా తెల్ల కాగితం మధ్యన ఒంటరిగా నిలబడిన డిజైనుకు ఓ వీధి, ఓ ఊరు, ఓ దిక్కు దొరికాయి. మా పిన్ని మనవడు మేడ మీద చేసిందంతా దాని కొనసాగింపే.

పైకి కనిపించినంత తేలిక పని మాత్రం కాదు. డిజైను గీసేవారు కాగితం మీద ఇమడడానికి భవనాన్ని తమకు వీలైన వైపు తిప్పుకుంటారు. మ్యాపులోకి వచ్చాక అసలు ఉత్తరం ఎటో సరిచూసి మళ్లీ తిప్పాలి. అది పది డిగ్రీలు తప్పిందంటే నీడ పక్క వీధికి పోతుంది. ఆపైన నేల మట్టం ఉంది. మన దక్కను పీఠభూమి బల్లపరుపుగా ఉండదు. బండలు, వాలు, కుంటలు. ఉపగ్రహ మ్యాపులో ఆ గుట్ట ఎత్తు ముతకగా ఉంటే భవనం ఒక పక్క గాలిలో తేలుతుంది, మరో పక్క రాయిలో కూరుకుపోతుంది.

■ బాక్స్: టవరును మింగే తేడా

ఎత్తును రెండు విధాలుగా కొలుస్తారు. సర్వేవాళ్లు సముద్ర మట్టం నుంచి చెబుతారు. ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే జీపీఎస్ పరికరం భూమిని ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న నున్నటి గోళంగా ఊహించి, ఆ ఊహా ఉపరితలం నుంచి లెక్కిస్తుంది. భూమి లోపలి బరువు అన్నిచోట్లా సమానంగా లేదు కనుక ఈ రెండూ కలవవు. దక్షిణ భారతంలో, శ్రీలంక సముద్రం వైపు, ఈ తేడా ప్రపంచంలోనే అతి ఎక్కువ. హైదరాబాద్‌లో అది 70 మీటర్లకు పైనే. ఒక కొలతలోని ఎత్తును రెండోదాంట్లో పొరపాటున వేస్తే ఇరవై మూడు అంతస్తుల భవనం పూర్తిగా నేలలోకి దిగిపోతుంది, లేదా అంత ఎత్తున గాలిలో వేలాడుతుంది. ఇలాంటి తప్పు కంటికి కనిపిస్తుంది కనుక దిద్దుకోవచ్చు. రెండు మూడు మీటర్ల తప్పు కనిపించదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం.

ఎండ కూడా గోడ దాటుతుంది

లండన్‌లో 2013 వేసవి. ఫెన్‌చర్చ్ వీధిలో రఫాయెల్ విన్యోలి డిజైను చేసిన 37 అంతస్తుల భవనం దాదాపు పూర్తయింది. పైకి వెళ్లేకొద్దీ లావయ్యే ఆకారం వల్ల దానికి 'వాకీ టాకీ' అని పేరు. దక్షిణం వైపు అద్దాల గోడ లోపలికి వంగి ఉంటుంది. ఆగస్టు చివర్లో, రోజూ కాసేపు, ఆ గోడ పుటాకార దర్పణంలా ఎండను పోగుచేసి ఎదుటి వీధిలో ఒక్కచోట కుమ్మరించింది. అక్కడ ఆపిన ఓ జాగ్వార్ కారు అద్దం చుట్టూ ఉన్న భాగాలు, పక్క రేకులు మెత్తబడి వంకర పోయాయి. దుకాణం ముందున్న చాప కాలింది. పాత్రికేయుడొకరు ఆ వెలుగులో గుడ్డు వేయించి చూపించారు. మరుసటి ఏడాది గోడకు అడ్డంగా సన్‌షేడ్ పలకలు బిగించాల్సి వచ్చింది. ఆ తర్వాత వీధిలో గాలి ఉధృతి మీద ఫిర్యాదులు వచ్చాయి. కొత్త టవర్ల గాలి పరీక్షలపై నగర యంత్రాంగం నిబంధనలను బిగించింది.

లండన్‌దే మరో కథ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. రిచ్‌మండ్ పార్కులో కింగ్ హెన్రీస్ మౌండ్ అనే చిన్న దిబ్బ ఉంది. అక్కడ చెట్ల మధ్య కత్తిరించిన సందులోంచి చూస్తే పదహారు కిలోమీటర్ల అవతల సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కనిపిస్తుంది. ఆ చూపును చట్టం కాపాడుతుంది. మధ్యలో ఏదీ అడ్డం రాకూడదు. 2016లో ఓ రోజు పార్కు ప్రేమికులు చూసేసరికి గుమ్మటం వెనక ఆకాశంలో ఓ టవరు లేస్తోంది. అడ్డం రాలేదు, వెనక వచ్చింది. గుమ్మటానికి ఇంకా కిలోమీటర్ల ఆవల, స్ట్రాట్‌ఫర్డ్‌లో కడుతున్న 42 అంతస్తుల భవనమది. దాన్ని మ్యాపులో పెట్టి, ఆ దిబ్బ మీద మనిషి కన్ను ఉన్నచోట నిలబడి ముందే చూసి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. టవరు నిలబడింది. ఆకాశంలో గీసుకున్న ఆ గుమ్మటపు అంచు చెదిరిపోయింది.

మ్యాపు ఉంటే చాలదు. ఎక్కడ నిలబడి చూడాలో చెప్పేవాళ్లు ఉండాలి. ఆ దిబ్బ సంగతి రోజూ నడకకు వచ్చేవారికి తెలుసు. ఆర్కిటెక్టుకు తెలియకపోవచ్చు.

కర్రలు పాతి చూపించే దేశం

ఈ విషయంలో నాకు అన్నింటికన్నా నచ్చింది స్విట్జర్లాండ్ పద్ధతి. అందులో కంప్యూటరే లేదు. ఇల్లు కట్టాలనుకున్నవారు అనుమతికి దరఖాస్తు చేయగానే స్థలంలో పొడవాటి కర్రలో, లోహపు గడలో పాతుతారు. భవనం మూలలు ఎక్కడ వస్తాయో, ఎంత ఎత్తు లేస్తుందో, కప్పు ఎటు వాలుతుందో ఆ గడలు చూపిస్తాయి. దారిన పోయే ముసలమ్మ తలెత్తి చూసి, ఓహో ఇంత ఎత్తా అనుకుంటుంది. అభ్యంతరం ఉంటే గడువులోగా చెప్పుకుంటుంది. మ్యాపు చదవడం రానివారికి, ఫోను లేనివారికి కూడా అర్థమయ్యే ప్రకటన అది.

జపాన్ నీడనే గంటల్లో లెక్కగట్టింది. 1976లో భవన చట్టాన్ని సవరించి నీడకు పరిమితి పెట్టింది. ఏడాదిలో పగలు అతి పొట్టిగా ఉండే రోజున, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా, కొత్త భవనం తన హద్దు దాటి ఎన్ని గంటలు నీడ వేస్తుందో లెక్కించి చూపించాలి. నివాస ప్రాంతాల్లో అది పరిమితి దాటితే కుదరదు. దేశంలోని నగరాలను మూడు కొలతల్లో మ్యాపు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చే 'ప్లాటో' పథకాన్ని 2020లో అక్కడి ప్రభుత్వం మొదలుపెట్టింది.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ తన నగర నమూనాను ఎవరైనా దించుకునేలా వదిలింది. కలసతమ అనే పాత రేవు ప్రాంతంలో కొత్త పేట కట్టేటప్పుడు ఎండ, గాలి ఎలా మారతాయో ఆ నమూనాలోనే పరీక్షించారు. సింగపూర్ 2014 చివర్లో 7.3 కోట్ల సింగపూర్ డాలర్లతో 'వర్చువల్ సింగపూర్' తలపెట్టింది. ఈ రెండింటి మధ్య నాకు కనిపించే తేడా ఒక్కటే. హెల్సింకీలో కాలేజీ కుర్రాడు కూడా ఆ నమూనాలో తన ఊహ పెట్టి చూడగలడు. సింగపూర్ నమూనా ప్రధానంగా ప్రభుత్వ శాఖల పనిముట్టుగా పెరిగింది.

'గ్రాఫిక్స్' అన్న మాట

మన రెండు రాష్ట్రాల్లో ఈ చర్చ ఎప్పుడు వచ్చినా ఒక మాట అడ్డం పడుతుంది. గ్రాఫిక్స్. అమరావతి డిజైన్లు వచ్చిన రోజుల్లో ఆ మాట రాజకీయ వేదికల మీద ఆరోపణగా మారింది. 29 గ్రామాల రైతులు రాజధాని కోసం, బదులుగా ప్లాట్లు వచ్చేలా, దాదాపు 34 వేల ఎకరాలు భూ సమీకరణలో ఇచ్చారు. లండన్‌కు చెందిన ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ గీసిన అసెంబ్లీ, హైకోర్టు బొమ్మలు టీవీల్లో వచ్చాయి. నగరం మొత్తానికి డిజిటల్ నమూనా చేస్తామని షికాగోకు చెందిన సిటీజెనిత్ అప్పట్లో ప్రకటించింది. 2019లో ప్రభుత్వం మారాక పనులే నిలిచిపోయాయి. మళ్లీ 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా మొదలయ్యాయి.

బొమ్మల అందం గురించి నాకు తగువు లేదు. ఆ అయిదేళ్లు ముళ్లకంపల్లో తన ప్లాటు రాయి వెతుక్కున్న రైతు వైపు నుంచి ఆలోచిస్తాను. మేఘాల్లోంచి చూసిన నగరం వారికి అక్కర్లేదు. లాటరీలో వచ్చిన తన ప్లాటు ముందు నిలబడితే ఏ రోడ్డు కనిపిస్తుంది, పక్కన ఏది లేస్తుంది, తన ఊరి గుడి గోపురం ఎటు వైపు ఉంటుంది అన్నదే వారికి కావాలి. ఒకే నమూనాలోంచి రెండూ చూపించొచ్చు. ఎక్కడి నుంచి చూపిస్తున్నామన్నదాన్ని బట్టి అది ప్రచారమో సమాచారమో అవుతుంది.

అపార్ట్‌మెంట్ల కరపత్రాలది ఇంకో దారి. వెడల్పు లెన్సుతో చూపితే పది అడుగుల ఖాళీ ముప్పై అడుగుల తోటలా కనిపిస్తుంది. నాటిన రోజే చెట్లు పదేళ్ల వయసులో ఉంటాయి. భవనానికి ఆకాశం రంగు వేస్తే ఎత్తు తెలియదు. చుట్టూ ఉన్న పాత మేడలు, కరెంటు తీగలు, చెత్త కుండీ పచ్చికలో కలిసిపోతాయి. ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టినవారికి వడ్డీతో వెనక్కి ఇప్పించే, పరిహారం ఇప్పించే అవకాశం 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం 12వ సెక్షనులో ఉంది. అది కొన్నవారికి రక్షణ. కరపత్రంలోంచి చెరిపేసిన పక్కింటివారికి అందులో పాత్ర లేదు.

గోల్కొండ బారాదరి మీద నుంచి

ఓ సాయంత్రం గోల్కొండ కోట మెట్లెక్కి, శిఖరాన ఉన్న బారాదరి మండపం దగ్గర నిలబడండి. తూర్పున పాత నగరం, కింద కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు. పడమటికి తిరిగితే అద్దాల టవర్ల గోడ. సూర్యుడు ఇప్పుడు వాటి వెనక్కి దిగుతాడు.

కేంద్ర రక్షణలోని కట్టడాల చుట్టూ వంద మీటర్ల దాకా కొత్తగా ఏదీ కట్టకూడదని, ఆపైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతితోనే కట్టాలని 2010లో చట్టాన్ని సవరించారు. గోల్కొండకు, చార్మినార్‌కు ఇది వర్తిస్తుంది. మూడు వందల మీటర్లు దాటాక కోట మీంచి చూసే కంటికి ఏ హద్దూ లేదు. చూపుకూ విలువ ఉంటుంది. జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బ్ లోయ ఒక వంతెన వల్ల 2009లో ప్రపంచ వారసత్వ హోదా కోల్పోయింది. ఆ వంతెన చెడగొట్టింది ఏ భవనాన్నీ కాదు, ఓ చూపును. కుతుబ్‌షాహీ కట్టడాలు ఏళ్లుగా యునెస్కో తాత్కాలిక జాబితాలో ఎదురుచూస్తున్నాయి. పడమట కొత్త టవరుకు అనుమతి ఇచ్చే ముందు దాన్ని బారాదరి మీంచి ఒకసారి మ్యాపులో చూడటానికి పెద్ద ఖర్చు కాదు.

పనిముట్లు మన దగ్గరే ఉన్నాయి

బాధ కలిగించేది ఇదే. ఈ విద్యకు హైదరాబాద్ పుట్టిల్లులాంటిది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009లో 'భువన్' మ్యాపును దేశానికి ఇచ్చింది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. మ్యాపుల మీద ఉన్న పాత ఆంక్షలను కేంద్రం 2021 ఫిబ్రవరిలో సడలించింది. 2022 జాతీయ భౌగోళిక సమాచార విధానం 2035 నాటికి ప్రధాన నగరాలన్నిటికీ డిజిటల్ జంట నమూనాలు (నగరాన్ని అచ్చంగా పోలిన కంప్యూటర్ ప్రతిరూపాలు) ఉండాలని లక్ష్యం పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మొదలైన 'నక్షా' పథకం దేశంలోని 152 పట్టణాల్లో భూములను ఆకాశం నుంచి కొలవడానికి పూనుకుంది.

చుట్టుపక్కలను చూసి అనుమతి ఇచ్చే మ్యాపు ఒకటి ఇప్పటికే పనిచేస్తోంది కూడా. విమానాశ్రయాల చుట్టూ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల మ్యాపు తయారుచేసింది. ఏ రంగులో ఉన్న స్థలంలో ఎంత ఎత్తు దాకా స్థానిక సంస్థే ఒప్పుకోవచ్చో, ఏ రంగులో ఉంటే అథారిటీనే అడగాలో అందులో తెలుస్తుంది. విమానంలో వెళ్లేవారి కోసం ఇంత శ్రద్ధ పెట్టగలిగినప్పుడు, కింద ఎండ కాగేవారి కోసం ఎందుకు పెట్టలేం?

నేను కోరేది చిన్నది. ఓ ఎత్తు దాటిన ప్రతి ప్రతిపాదననూ అనుమతికి ముందే నగర మ్యాపులో పెట్టాలి. వార్డు ఆఫీసులో ఓ తెర మీద, తెలుగులో, ఉర్దూలో, ఎవరైనా తమ ఇంటి మీద వేలు పెట్టి అక్కడి నుంచి చూసుకునేలా ఉండాలి. స్థలం ముందు బోర్డు మీద ఆ బొమ్మ అతికించాలి. ఇళ్ల లోపలి వివరాలు, భద్రతా స్థావరాలు అందులో ఉండనక్కర్లేదు. డబ్బాలు చాలు.

బిల్డర్ల భయం నాకు తెలుసు. ముందే చూపిస్తే ప్రతివారూ అడ్డం పడతారని వారంటారు. నగరానికి ఇళ్లు కావాలి, నేల తక్కువ, పైకి కట్టక తప్పదు. పైగా మే నెల సాయంత్రం ఆ నీడే పక్కవారికి హాయి. ఇదంతా నిజమే. మా పిన్ని వాళ్ల పక్క మేడ ఆయన గత ఏడాది కేంద్రం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించారు. 78 వేల సబ్సిడీ వచ్చింది. నీడ ఎటు వస్తుందో ముందే తెలిస్తే ఆయన పలకలను మేడ అవతలి అంచున పెట్టించుకునేవారు. కొన్నిసార్లు ఆపడానికి కాదు, సర్దుకోవడానికి కూడా తెలియాలి. నాలుగు టవర్లను కొంచెం ఎడంగా జరిపితే మధ్యలోంచి గంట ఎండ వస్తుందేమో. ఆ మాట అడగడానికి కాంక్రీటు పోయకముందే ఒక రోజు కావాలి.

■ బాక్స్: బొమ్మ చూసినప్పుడు అడగండి

ఇది ఏ తేదీన, ఏ గంటకు గీసిన నీడ? డిసెంబరు సాయంత్రంది చూపిస్తారా?

చూస్తున్న కన్ను ఎక్కడుంది? నేల మీద నిలబడ్డ మనిషి ఎత్తులోనా, డ్రోన్ ఎత్తులోనా?

చుట్టూ ఉన్న ఇళ్లు అసలు ఎత్తులోనే ఉన్నాయా, కొన్ని తీసేశారా?

పక్కన ఇప్పటికే అనుమతి పొంది ఇంకా కట్టని భవనాలను కూడా పెట్టారా?

చెట్ల వయసెంత?

మా ఇంటి ముందు నుంచి ఒక బొమ్మ ఇస్తారా?

మళ్లీ మేడ మీద

సాయంత్రం నాలుగున్నర అయింది. వడియాలు ఒక వైపు ఎండాయి. పిన్ని పంచె అంచు పట్టుకుని చూసి, రేపు తిరగేయాలంది. మనవడు ల్యాప్‌టాప్ మూయబోతుంటే ఆపింది.

"ఒరే నాన్నా, ఆ టవర్లలో పైకి ఎక్కు."

"ఎందుకమ్మమ్మా?"

"అక్కడికి కాపురానికి వచ్చేవాళ్లకు మనం ఎలా కనిపిస్తామో చూద్దాం."

వాడు మూడో టవరు ముప్పయ్యో అంతస్తులో కన్ను పెట్టాడు. తెల్ల డబ్బాలన్నీ కిందకు పోయాయి. వాటి మధ్య మా మేడ చిన్న చదరం. పైన ఏమీ లేదు, ఖాళీ.

పిన్ని కళ్లజోడు పైకి తోసుకుని, తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసింది.

"ట్యాంకు పెట్టరా. తులసి కుండీ కూడా పెట్టు. ఈ పంచె కూడా గీయి, తెల్లగా. ఆదివారం అసోసియేషన్ మీటింగుకు ఆ కట్టేవాళ్ల మనిషి వస్తాడట. మామయ్యా నువ్వూ కలిసి రెండు పెద్ద ప్రింట్లు తీయించుకు రండి. ఇక్కణ్నుంచి ఒకటి, అక్కణ్నుంచి ఒకటి."

వాడు చూపును మళ్లీ మా మేడ మీదకు జరిపి, ట్యాంకు గీయడం మొదలుపెట్టాడు.